సుఖాంతం రాసిన ఏడాది



"ప్రేమ నవలలు రాసే మీరు ఈ ఏడాది మీ రాత గురించీ, జీవితం గురించీ మాట్లాడండి" అని నిర్వాహకులు కోరారు. మాట్లాడటానికి కూర్చుని డైరీ తిరగేస్తే నా ఏడాదిలో ప్రేమ కన్నా బీపీ మాత్రలే ఎక్కువ కనిపించాయి. మా అత్తగారు మంచం పట్టారు. ఒక సీరియల్ నడుస్తోంది. వారం వారం భాగం పంపాలి. ఇందులో గంటసేపు చెప్పేంత కథ లేదు. కాబట్టి మీరు అనుమతిస్తే ఇంకొకావిడ ఏడాది గురించి చెబుతాను. ఆవిడా ప్రేమ నవలలే రాసింది. ఆవిడ ఇంట్లోనూ రోగాలు, అప్పులు, వానలు, చుట్టాలు. నా సంగతి మధ్యమధ్యలో దొర్లితే క్షమించాలి.

జేన్ ఆస్టిన్ చివరగా పూర్తిచేసిన నవల 'పర్‌స్వేషన్'. ఎవరి జ్ఞాపకార్థం ఈరోజు మనం కూర్చున్నామో ఆ మేడమ్ ఇదే కాలేజీలో మాకు ఆ నవల పాఠం చెప్పారు. ఆవిడకి ఇంగ్లీషు నవల ఎంత ఇష్టమో మన వారపత్రికల సీరియల్ అంత ఇష్టం. ఆ రెండో ఇష్టాన్ని స్టాఫ్ రూములో దాచుకునేవారు కూడా కాదు. నేను రాయడం మొదలుపెట్టాక నా సీరియళ్ళు చదివి పోస్టుకార్డులు రాసేవారు. పొగడ్త ఒక వాక్యం, తిట్లు కార్డు నిండా.

'పర్‌స్వేషన్' ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో మనకి తెలుసు. 1815 ఆగస్టు 8న మొదలు, 1816 ఆగస్టు 6న ముగింపు. అక్క కసాండ్రా ఆ తేదీలు రాసిపెట్టింది. రెండు రోజులు తక్కువ ఏడాది. అంతకన్నా విలువైనది ఇంకొకటి మిగిలింది. ఈ నవలకి ఆస్టిన్ ముందొక ముగింపు రాసి, నచ్చక పక్కన పెట్టి, మళ్ళీ రాసింది. పక్కన పెట్టిన ఆ కాగితాలు దొరికాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆవిడ పూర్తిచేసి అచ్చయిన ఆరు నవలల్లో చేతిరాతలో మిగిలింది ఈ కాస్తే. మిగతావన్నీ ప్రెస్సులో పోయాయి. అంటే ఆవిడ కొట్టివేతలూ, దిద్దుబాట్లూ మనం కళ్ళారా చూడగలిగేది ఒక్క సుఖాంతం దగ్గరే. ప్రేమ నవలలు రాసేవాళ్ళకి ఇంతకన్నా పాఠం ఏం కావాలి?

ఒక చిన్న ఫిర్యాదు చెప్పుకుని ముందుకు వెళ్తాను. టీవీ వాళ్ళు వచ్చినా, పత్రిక వాళ్ళు వచ్చినా నన్ను మొదట అడిగేది "మీది ప్రేమ వివాహమేనా అండీ?" అని. డిటెక్టివ్ నవలలు రాసినాయన్ని "మీరు ఎంతమందిని చంపారండీ" అని ఎవరూ అడగరు. ఆస్టిన్‌నీ రెండు వందల ఏళ్ళుగా ఇదే అడుగుతున్నారు. ఇరవై ఏళ్ళప్పుడు ఒక ఐరిష్ కుర్రాడితో డాన్సులు చేసిందట, ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక భూస్వామి కొడుకు పెళ్ళాడతానంటే రాత్రి సరేనని తెల్లారి వద్దందట. నిజమే. కానీ ఆ సంగతుల్లో వెతికితే ఈ నవల దొరకదు. ఈ నవల రాసిన ఏడాదిలో ఆవిడ ఉత్తరాలు చూడండి. ప్రేమ మాట కనిపించదు. జ్వరం, డబ్బు, ప్రూఫులు, వాన కనిపిస్తాయి.

నవల మొదలుపెట్టిన రెండు నెలలకి, అక్టోబరులో, లండన్‌లో ఉన్న అన్న హెన్రీ ఇంటికి వెళ్ళింది. వెళ్ళింది 'ఎమ్మా' ప్రచురణ పనిమీద. ప్రచురణకర్త జాన్ మర్రే, బైరన్ కవితలు వేసినవాడు, పెద్ద పేరు. అతను 'ఎమ్మా'తో పాటు 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' హక్కులు కూడా కలిపి 450 పౌన్లు ఇస్తానన్నాడు. మర్యాదగానే మాట్లాడతాడు కానీ మోసగాడే అని ఆవిడ కసాండ్రాకి రాసింది. ఒప్పుకోలేదు. అంతకుముందు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు వేరొకరికి 110 పౌన్లకి అమ్మేసుకుంది. ఆ పుస్తకం ఎన్ని కూర్పులు వచ్చినా ఆవిడకి పైసా రాలేదు. కనుక ఈసారి అచ్చు ఖర్చు, నష్టం తనవి, అమ్మకాల మీద కమీషన్ మర్రేది అనే పద్ధతిలో వేయించింది. రెండు వేల ప్రతులు. మన దగ్గర సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని, డిస్ట్రిబ్యూటరు లెక్కల కోసం ఫోన్లు చేసే రచయితలకి ఈ పద్ధతి నేను వివరించక్కర్లేదు. చివరికి ఏమైందంటే, అదే సమయంలో వేసిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో కూర్పు కదల్లేదు. ఆ నష్టం ఇందులో మినహాయించగా 'ఎమ్మా' మీద ఆవిడ చేతికి వచ్చిన మొదటి లాభం 38 పౌన్ల 18 షిల్లింగులు. 450 వద్దన్న మనిషికి 38. నేనైతే ఆ రాత్రి నిద్రపోను.

బేరం నడుస్తుండగానే హెన్రీ జబ్బుపడ్డాడు. మామూలు జ్వరం కాదు, తోబుట్టువులను పిలిపించేదాకా వచ్చింది. ఆవిడ పక్కనుండి సేవ చేసింది. అతన్ని చూడటానికి వచ్చిన వైద్యుడి ద్వారా ఒక విచిత్రం జరిగింది. ఆవిడ నవలల మీద పేరుండేది కాదు, 'ఒక స్త్రీ రాసినది' అనో, ఫలానా నవల రాసినవారిది అనో ఉండేది. కానీ ఈవిడే ఆ రచయిత్రి అని రాజమహలు దాకా తెలిసింది. అప్పటి యువరాజు ప్రిన్స్ రీజెంట్‌కి ఆ నవలలంటే ఇష్టమట, తన భవనాలన్నిటిలో ఒక్కో సెట్టు పెట్టించుకున్నాడట. నవంబరు 13న ఆయన లైబ్రేరియన్ జేమ్స్ స్టానియర్ క్లార్క్ ఆవిడకి కార్ల్‌టన్ హౌస్ గ్రంథాలయం తిప్పి చూపించాడు. రాబోయే పుస్తకం యువరాజుకి అంకితమివ్వడానికి అనుమతి ఉందన్నాడు. అనుమతి అంటే ఏమిటో మనకు తెలుసు. భార్యను పెట్టిన బాధలకు ఆ యువరాజంటే ఆవిడకి అసహ్యం. అయినా అంకితమిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, ప్రూఫులు ఆలస్యమవుతుంటే, పుస్తకం యువరాజుకి అంకితమని తెలిస్తే ప్రెస్సు వాళ్ళు కాస్త త్వరపడతారేమో అని మర్రేకి రాసింది. రాచరికాన్ని ఇంత చక్కగా వాడుకున్నవాళ్ళు తక్కువ.

ఈ క్లార్క్ గారి గురించి చెప్పకుండా ఉండలేను. ప్రతి రచయితకీ ఒక క్లార్క్ గారు ఉంటారు. ముందు, ఒక మతాచార్యుడి జీవితం మీద నవల రాయమన్నాడు. చదువు, భక్తి, సాహిత్యాభిరుచి ఉన్న ఆచార్యుడు. చూస్తే అది క్లార్క్ గారే. 1816 మార్చిలో మళ్ళీ రాశాడు. యువరాణి షార్లెట్‌కి లియోపోల్డ్‌తో పెళ్ళి నిశ్చయమైంది కనుక లియోపోల్డ్ వంశం మీద ఒక చారిత్రక ప్రేమకథ రాస్తే బాగుంటుందని. ఏప్రిల్ 1న ఆవిడ జవాబిచ్చింది. ప్రాణం మీదికి వస్తే తప్ప అలాంటి గంభీరమైన ప్రేమగాథ రాయలేనని, నవ్వకూడదంటే మొదటి అధ్యాయం కూడా పూర్తికాదని, తన దారి తనదేనని. ఎంత వినయంగా ఉంటుందో ఆ ఉత్తరం! ఆపైన ఇంట్లో కూర్చుని, తనకి సలహాలిచ్చినవాళ్ళ కోరికలన్నీ కలిపితే తయారయ్యే నవలకి ఒక పథకం రాసి నవ్వుకుంది. నాకూ ఈ ఏడాది ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, తన ఉద్యోగ జీవితం నవలగా రాస్తే సినిమా వాళ్ళు ఎగబడతారని చెప్పారు. రిటైర్మెంట్ ఫొటోలు కూడా పంపారు.

1816 ఫిబ్రవరిలో తమ్ముడు చార్ల్స్ నడుపుతున్న 'ఫీనిక్స్' నౌక టర్కీ తీరంలో బద్దలైంది. మనుషులు బతికారు. మార్చి 15న హెన్రీ బ్యాంకు దివాలా తీసింది. యుద్ధకాలంలో లేచిన ప్రైవేటు బ్యాంకులు యుద్ధం ఆగాక చాలా కూలాయి. అందులో ఇదొకటి. అన్న ఎడ్వర్డ్‌కి 20,000 పౌన్లు, మేనమామకి 10,000 పౌన్లు పోయాయి. ఈవిడకి పోయింది చాలా కొంచెం, కానీ అది నవలల మీద సంపాదించిన సొమ్ము. తల్లికీ ఇద్దరు అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములు ఏటా పంపే డబ్బులో కోత పడింది. 'పర్‌స్వేషన్' తెరిస్తే మొదటి అధ్యాయాల్లోనే అప్పుల పాలైన జమీందారు ఇల్లు అద్దెకిస్తాడు. ఆ ఇంట్లోకి యుద్ధంలో సంపాదించిన నౌకాదళం వాళ్ళు దిగుతారు. ఈ భాగాలు దివాలాకి ముందే రాసి ఉండవచ్చు. కనుక జీవితాన్ని చూసి రాసిందని నేను అనను. డబ్బు ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో ఆ ఇంట్లో అందరికీ ముందునుంచే తెలుసు అంటాను. అన్నదమ్ముల్లో ఇద్దరు నౌకాదళం అధికారులు. వాళ్ళు పట్టుకున్న శత్రు నౌకల వెలలో వాటా వస్తే ఇంట్లోకి బంగారు గొలుసులు, పుష్యరాగపు శిలువలు వచ్చేవి, నడపడానికి నౌక లేకపోతే సగం జీతం. 'ప్రేమించిన మనిషికి ఆస్తి లేదు' అనే మాట ఆ ఇంట్లో నవల మాట కాదు.

అదే మార్చిలో 'క్వార్టర్లీ రివ్యూ'లో 'ఎమ్మా' మీద పెద్ద సమీక్ష వచ్చింది. పేరు లేదు, రాసింది వాల్టర్ స్కాట్. మామూలు జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించే కొత్తరకం నవల వచ్చిందని గుర్తించిన మొదటి గొప్ప సమీక్ష అదే. కానీ చివర ఆయన ఒక ముల్లు గుచ్చాడు. ఈ నవలల్లో ముందుచూపు, లెక్క ఎక్కువై మన్మథుడికి చోటు లేకుండా పోతోందని వాపోయాడు. ఆవిడ పత్రిక తిప్పి పంపుతూ, 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' ఊసెత్తలేదేమని మాత్రం నొచ్చుకుంది. మన్మథుడి గురించి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు, బల్ల సొరుగులో 'పర్‌స్వేషన్' ఉంది. అది సరిగ్గా ముందుచూపు చెడగొట్టిన ప్రేమ కథ. పంతొమ్మిదేళ్ళ ఆన్ ఎలియట్, ఆస్తిలేని నౌకాధికారి వెంట్‌వర్త్‌ని ప్రేమించి, తల్లిలాంటి పెద్దావిడ లేడీ రస్సెల్ హితబోధ విని వద్దనుకుంది. ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆమెకి ఇరవై ఏడు, అందం వాడిపోయింది. అతను డబ్బుతో, కోపంతో తిరిగొచ్చాడు. అక్కడ కథ మొదలు.

ఆస్టిన్ నవలలు రాసుకున్న చాటన్ ఊళ్ళో ఇల్లు మీలో లండన్ పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళు చూసే ఉంటారు. ఇప్పుడు మ్యూజియం. కిటికీ పక్కన పన్నెండు పలకల చిన్న వాల్‌నట్ బల్ల. ఆ బల్లని చూసి అందరూ ముచ్చటపడతారు. నాకు ముచ్చట కన్నా ఒళ్ళు మండింది. అంత చిన్న బల్లమీద, తలుపు కిర్రుమంటే కాగితాలు దాచుకుంటూ రాసిందట! పొద్దున్నే ఫలహారం పని ఆవిడది, తేయాకు, పంచదార తాళంచెవులు ఆవిడవి. మిగతా బరువు కసాండ్రా మోసింది కనుకే నవలలు వచ్చాయి. కసాండ్రా ఊరెళ్తే ఏమయ్యేదో 1816 సెప్టెంబరు ఉత్తరంలో ఉంది. తలనిండా మటన్ ముక్కలూ, రూబార్బ్ మందు మోతాదులూ పెట్టుకుని రాయడం అసాధ్యమని ఆవిడే అంది. అప్పటికే ఆరోగ్యం బాగా లేదు. నడుం నొప్పి. మే నెలలో చెల్టెన్‌హామ్ వెళ్ళి అక్కడి ఔషధ జలాలు తాగొచ్చారు. తర్వాత్తర్వాత నీరసం ఎక్కువైనప్పుడు రెండు మూడు కుర్చీలు వరసగా వేసుకుని వాటి మీద పడుకునేదట. గదిలో ఒకే సోఫా ఉంది. అది తల్లిది. తను ఒకసారి పడుకుంటే ఆ తర్వాత అమ్మ మొహమాటపడి పడుకోదని భయం. మేనకోడలు గుర్తుపెట్టుకుని చెప్పిన సంగతి ఇది.

నా మట్టుకు నేను సోఫాలోనే కూర్చుని రాస్తాను. మా అత్తగారిది పక్క గది. ఆవిడకి తొంభై దగ్గరికి వచ్చాయి. కళ్ళు కనపడవు కనుక భాగం పంపేముందు చదివి వినిపించాలి. "ఆ పిల్లకి పెళ్ళి చేశావుటే?" అని అడుగుతారు. "ఇంకా లేదు అత్తయ్యగారూ." "అదేం, ఇద్దరూ మంచివాళ్ళే కదా, ఎవరు అడ్డం?" నాలుగు దశాబ్దాలుగా నన్ను ఏ విమర్శకుడూ ఇంత సూటిగా అడగలేదు. నా కథలో నాయికకి యాభై దాటాయి, భర్త పోయాడు. నాయకుడు రిటైరైన బ్యాంకు మేనేజరు. ఊరు తెనాలి. నిజమే, ఎవరు అడ్డం?

ఆస్టిన్ ఏడాదికి వస్తే, అందులో ఒక మంచి పని కూడా జరిగింది. 1803లో ఒక ప్రచురణకర్త ఆవిడ నవలని 10 పౌన్లకి కొని, అచ్చువేయకుండా అటక మీద పారేశాడు. పదమూడేళ్ళు. హెన్రీ దివాలా తీసిన ఆ రోజుల్లోనే అదే 10 పౌన్లిచ్చి దాన్ని వెనక్కి తెచ్చాడు. బేరం ముగిశాక, ఇది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' రాసినావిడదే అని చెప్పాడట. అదే తర్వాత 'నార్తాంగర్ ఆబీ'గా వచ్చింది.

ఇక జూలై. 1816 యూరప్‌కి వేసవి రాని సంవత్సరం. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి ఆ ధూళి ఆకాశాన్ని కప్పేసింది. కారణం చాటన్‌లో ఎవరికీ తెలియదు, వాన మాత్రం తెలుసు. జూలై 9న మేనల్లుడికి రాస్తూ ఈ వాన భరించలేకపోతున్నానని వాపోయింది. ఆ ముందురోజే, జూలై 8న, ముగింపు అధ్యాయం చిత్తుప్రతి మీద తేదీ వేసింది. జూలై 18న 'పూర్తి' అని రాసుకుంది. సరిగ్గా మళ్ళీ ఏడాది అదే జూలై 18న చనిపోయింది, నలభై ఒక్క ఏళ్ళ వయసులో. ఆ తేదీకి అర్థం వెతకడం మన పని కాదు. ఆ కాగితం రాసిన మనిషికి అది మామూలు గురువారం.

ఆ మొదటి ముగింపు ఇలా ఉంటుంది. ఆన్ తన బంధువు మిస్టర్ ఎలియట్‌ని చేసుకోబోతోందని ఊళ్ళో పుకారు. ఆమె తండ్రి ఇంట్లో అద్దెకున్న అడ్మిరల్ క్రాఫ్ట్, పెళ్ళయితే కొత్తజంటకి ఇల్లు ఖాళీ చేయాలేమో కనుక్కోవాలనుకుంటాడు. తను అడగలేక, అక్కడే ఉన్న బావమరిది వెంట్‌వర్త్‌ని అడగమంటాడు. వెంట్‌వర్త్ ముళ్ళమీద నిలబడినట్టు నిలబడి అడుగుతాడు. ఆ పెళ్ళి లేదు, ఏమీ లేదు అంటుంది ఆన్. అంతే. చూపులు, చేతులు, సుఖాంతం. చదవడానికి బాగానే ఉంటుంది. హాస్యం ఉంది, అడ్మిరల్ మనిషి మంచివాడు. అలాగే అచ్చువేసినా ఎవరూ తప్పు పట్టి ఉండేవారు కాదు.

మా తరం వాళ్ళకి అడ్మిరల్ క్రాఫ్ట్ బాగా తెలిసినవాడు. మా నవలల్లో బామ్మగా వస్తాడు, ఫ్యామిలీ డాక్టరుగా వస్తాడు, చనిపోతూ నిజం చెప్పిన స్నేహితురాలిగా, కొన్నిసార్లు కారు ప్రమాదంగా కూడా వస్తాడు. ఎందుకు వస్తాడో చెబుతాను. వారపత్రికలో సీరియల్ నడవాలంటే ఇద్దరి మధ్య అపార్థం ఉండాలి. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నోరు తెరిచి మాట్లాడుకుంటే ఆ వారమే కథ అయిపోతుంది, కింద 'ఇంకా ఉంది' అని వేయడానికి లేదు. కాబట్టి మాట్లాడనివ్వం. ముప్ఫై వారాలు మాట్లాడనివ్వకపోయాక, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడే శక్తి వాళ్ళకి పోతుంది. అప్పుడు మూడోమనిషి కావాలి.

దీన్ని వెటకారంగా అనడం లేదు. ఆ నవలలు నన్ను పెంచాయి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. ఆరడుగుల రాజశేఖరాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. మా ఇంట్లో ఆడపిల్లలం గుర్తుపెట్టుకున్నది జయంతి ఉద్యోగానికి వెళ్ళడం. నెలజీతం తీసుకునే నాయిక, అవమానం జరిగితే రాజీనామా ఇవ్వగల నాయిక. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 'డాక్టర్ చక్రవర్తి' అయింది, 'ప్రేమనగర్' తెరకెక్కి ఊళ్ళకి ఊళ్ళని కుదిపింది. మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు' శీర్షికతో ఇంగ్లీషు నవలలని తెలుగు ఇళ్ళలోకి తెచ్చారు. ఇంగ్లీషు రాని మా అమ్మ పరదేశపు నవలల గురించి వాదించేది, ఆ పుణ్యమే. ఆత్మాభిమానం ఆ నాయికల గొప్ప గుణం. అయితే ఆత్మాభిమానం అంటే నోరు విప్పకపోవడం అనే అర్థం ఎక్కడో కుదిరిపోయింది. చెబితే చులకనైపోతాం అని. ఇవ్వాళ్టికీ నాకు వచ్చే మెసేజీల్లో సగం ఆ భయమే.

మళ్ళీ ఆస్టిన్ దగ్గరికి వస్తే, ఆవిడ మేనల్లుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. ముగింపు రాశాక ఆవిడకి అది చప్పగా అనిపించిందట. ఆ రాత్రి దిగులుగా పడుకుని, తెల్లారి లేచేసరికి మనసు తేటపడి మళ్ళీ మొదలుపెట్టిందట. ఒక్క రాత్రిలో తేలిపోయినట్టు ఆయన రాశాడు, మేనల్లుళ్ళు అలాగే రాస్తారు. తేదీలు చూస్తే జూలై 18 నుంచి ఆగస్టు 6 దాకా, నడుం నొప్పితో, వానలో, చుట్టాల రాకపోకల మధ్య.

కొత్త ముగింపులో అడ్మిరల్ లేడు. బాత్ నగరంలో వైట్ హార్ట్ సత్రం గది. మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. బల్ల దగ్గర వెంట్‌వర్త్ ఒక ఉత్తరం రాస్తున్నాడు. కిటికీ దగ్గర అతని స్నేహితుడు కెప్టెన్ హార్విల్, ఆన్ మాట్లాడుకుంటున్నారు. హార్విల్ చెల్లెలు చనిపోయింది. ఆమెని చేసుకోవలసినవాడు ఏడాదైనా గడవకుండా ఇంకో పిల్లని చేసుకుంటున్నాడు. మగవాళ్ళు త్వరగా మరిచిపోతారా, ఆడవాళ్ళా అని మాట. పుస్తకాలన్నీ ఆడవాళ్ళ చంచలత్వం గురించే చెబుతాయి అంటాడు హార్విల్. పుస్తకాలు సాక్ష్యానికి తేవద్దు, కలం ఇన్నాళ్ళూ మీ చేతుల్లోనే ఉంది అంటుంది ఆన్. ఆ మాటకి కొంచెం ముందే వెంట్‌వర్త్ చేతిలోంచి కలం జారి కింద పడుతుంది. మా మేడమ్ ఆ వాక్యం దగ్గర ఆగి, క్లాసంతా ఒకసారి చూసి, ఏమీ అనకుండా పేజీ తిప్పారు. ఆ తర్వాత ఆన్ అంటుంది, ఆశ పోయాక కూడా ప్రేమించడం అనే బరువు ఆడవాళ్ళది, అది అసూయపడదగ్గ భాగ్యమేమీ కాదని. అతను వింటున్నాడు. వింటూనే, ఇంకెవరికో రాస్తున్నట్టు నటిస్తూ ఆమెకి ఉత్తరం రాస్తాడు.

గమనించండి, జరిగింది ఒకటే. రెండు ముగింపుల్లోనూ పెళ్ళి కుదిరింది. మొదటిదాంట్లో పెద్దమనిషి అడగమన్నాడు, అతను అడిగాడు, ఆమె కాదు అని మాత్రం చెప్పింది. రెండోదాంట్లో ఆమె ఎనిమిదేళ్ళుగా లోపల దాచుకున్న ఆలోచనని ఒక వాదంగా, నిబ్బరంగా, గది మధ్యలో చెప్పింది. అతనికి చెప్పలేదు. ఆ కాలపు అమ్మాయి అతనికి నేరుగా చెప్పలేదు. కానీ చెప్పింది. ఇక్కడ సుఖాంతం ఆమె నోటినుంచి మొదలైంది. ప్రేమ నవలని పలాయన సాహిత్యం అన్నవాళ్ళకి నేను ఈ ఇరవై రోజుల పని చూపిస్తాను. ఆ ఏడాది ఆ ఇంట్లో దాదాపు ఏ విషయమూ సుఖాంతం కాలేదు. ఆవిడకి కావాల్సింది ఊరికే సుఖం అయితే జూలై 18న దొరికిన ముగింపు చాలు.

ఒక విషయంలో మాత్రం నేను ఆవిడతో పేచీ పెట్టుకుంటాను. అంత మాట్లాడించి, చివరికి ఆ గొప్ప ఉత్తరం మళ్ళీ అతని చేతే రాయించింది. కలం ఎవరి చేతిలో ఉంది అని ఆన్ చేత అడిగించిన పేజీలోనే! ఆ వ్యంగ్యం ఆవిడ కావాలనే పెట్టిందని కొందరు అంటారు. కావచ్చు. నాకు మాత్రం ఆన్ రాసిన జవాబు కూడా చదవాలనుంది. మేడమ్ దగ్గర ఈ మాట అంటే, "అందుకేగా నువ్వు రాస్తున్నావు" అన్నారు.

మేడమ్ నాకు రాసిన కార్డుల్లో ఒకటి నా మొదటి సీరియల్ ముగిసిన వారం వచ్చింది. "నీ హీరోయిన్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందేం? ఆవిడ పెళ్ళి ఆవిడ మామగారు మాట్లాడటం ఏమిటి? అడ్మిరల్‌ని బయటికి పంపించు." ఆ కార్డు వచ్చాక నేను అడ్మిరల్‌ని బయటికి పంపినట్టే పంపి, మళ్ళీ పెరటి గుమ్మంలోంచి చాలాసార్లు రానిచ్చాను. గిరాకీ ఉన్న పాత్ర కదా. ఎడిటర్లు కూడా "పెద్దావిడ చేత కలిపేయండి మేడమ్, జనానికి నచ్చుతుంది" అనేవారు. నచ్చేది కూడా. జనం తప్పు కాదది. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు అలాగే కుదురుతాయి. ఇద్దరికి ఇష్టమైతే సరిపోదు, పెద్దవాళ్ళు పూనుకోవాలి. 2000లో రాజీవ్ మీనన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'ని తమిళంలో సినిమా తీస్తే, 'ప్రియురాలు పిలిచింది' అని తెలుగులోకి వస్తే, అది ఎక్కడా పరాయి కథ అనిపించలేదు. ఆస్తి పోయిన అక్కచెల్లెళ్ళు, తల్లి, మాట ఇచ్చి మరిచిపోయిన కుర్రాడు. అన్నీ మన వీధిలో ఉన్నవే.

నా తెనాలి కథ ముగింపు ఈ వేసవిలో రాశాను. పెళ్ళి విషయం కదిపేది ఆమె కొడుకు అని మొదట అనుకున్నాను. అమెరికా నుంచి వచ్చి, అమ్మ ఒంటరితనం చూసి, తనే పెద్దరికం చేస్తాడు. అభ్యుదయంగా ఉంటుంది, కంట తడి కూడా పెడుతుంది. రాస్తుంటే ఆ కొడుకు ముఖానికి తెల్లటి మీసాలూ, నౌకాదళం టోపీ కనిపించాయి. తీసేశాను. ఆమె చేతే అడిగించాను, పెన్షన్ ఆఫీసు క్యూలో, చుట్టూ పదిమంది ఉండగా. మా అత్తగారికి చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. "ఆడది అడిగితే వాడు లోకువ కట్టడూ?" అన్నారు. కట్టలేదని చదివాను. "నీ కథలో కట్టడులే" అన్నారు. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

'పర్‌స్వేషన్' ఆస్టిన్ అచ్చులో చూసుకోలేదు. 1817 జనవరిలో 'శాండిటన్' అనే కొత్త నవల మొదలుపెట్టి, పన్నెండు అధ్యాయాలు రాసి మార్చి 18న ఆపేసింది. చావుకి నాలుగు నెలల ముందు ఆ నవలలో లేని రోగాలు ఊహించుకునేవాళ్ళని చూసి నవ్వింది. ఆవిడ పోయాక డిసెంబరులో హెన్రీ 'నార్తాంగర్ ఆబీ', 'పర్‌స్వేషన్' కలిపి అచ్చువేయించాడు. ఈ పేర్లు అతను పెట్టినవే అంటారు. ముందుమాటగా ఒక పరిచయం రాసి, ఈ నవలలన్నీ రాసింది ఫలానా జేన్ ఆస్టిన్ అని మొదటిసారి అచ్చులో పేరు చెప్పాడు. ఆ రెండు నవలల మీద 500 పౌన్లకి పైగా కసాండ్రాకి అందింది. కొన్నేళ్ళకి మర్రే మిగిలిన ప్రతులని చవకగా వదిలించుకున్నాడు. 1833లో బెంట్లీ చవక కూర్పులు తెచ్చేదాకా ఆవిడ పుస్తకాలు ఇంగ్లండులో కొత్తగా అచ్చు కాలేదు.

పక్కన పెట్టిన మొదటి ముగింపు చాలా కాలం ఇంట్లోనే ఉండిపోయింది. 1871లో మేనల్లుడి జీవితచరిత్ర రెండో కూర్పులో తొలిసారి అచ్చయింది. అంటే అయిదు దశాబ్దాలకు పైగా పాఠకులకి ఇంకో ముగింపు ఉందనే తెలియదు. ఇప్పుడు చాలా కూర్పుల్లో వెనక అనుబంధంగా ఇస్తున్నారు. ఈ పొద్దున మీ లైబ్రరీలో ఉన్న ప్రతి తీసి చూశాను, అందులో ఉంది. ఈ కాలేజీ అమ్మాయిలు ముందు అనుబంధం చదివి, తర్వాత అసలు అధ్యాయం చదవండి. అడ్మిరల్ ఉన్నదే బాగుందని మీలో ఎవరికైనా అనిపిస్తే నాకు రాయండి, వాదించుకుందాం. చిరునామా ఆఫీసులో ఇచ్చాను.